తిరిగి వచ్చిన పాటకు తీర్పు చెప్పేదెవరు?

చాలాకాలం మౌనంగా ఉండిపోయిన ఒక రాక్ సంగీత బృందం పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మళ్ళీ కూడి కొత్త ఆల్బమ్ వెలువరించినప్పుడు శ్రోతల నుండి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినవస్తాయి. "పాత కళ పోయింది, వీరు ఆ మనుషులు కారు" అన్నది మొదటిది. "ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ పాత పాటే పాడుతున్నారు, ఎదుగూ బొదుగూ లేదు" అన్నది రెండవది. ఒకే ఆల్బమ్‌ను గురించి, ఒక్కొక్కప్పుడు ఒకే శ్రోత నోట, ఈ రెండు మాటలూ వెలువడుతూ ఉంటాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత ఇటువంటి సందర్భం కోసమే పుట్టినట్టు తోస్తుంది. ఆ బృందం మారితే ద్రోహం, మారకపోతే జడత్వం. ఇక ఆ కళాకారులు చేయదగినది ఏమున్నది?

ఈ రెండు అభిప్రాయాలూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా వాటి మూలంలో ఉన్న దోషం ఒక్కటే. రెండింటిలోనూ ఎదుట ఉన్న సంపుటిని గురించిన మాట ఒక్కటీ లేదు. శ్రోత తన యౌవనాన్ని గురించి, తన జ్ఞాపకాన్ని గురించి, తాను కోల్పోయిన కాలాన్ని గురించి మాట్లాడుతూ దానికే సంగీత విమర్శ అని పేరు పెడుతున్నాడు. జ్ఞాపకం గౌరవింపదగినదే. కాని జ్ఞాపకం సాక్షిగా నిలువవచ్చునే గాని న్యాయాధిపతి పీఠమెక్కరాదు. ఈ వ్యాసం ఆ పీఠాన్ని గురించిన వాదం. ఇందులో శ్రోతలపై ఒక అభియోగం ఉన్నది. శ్రోతలను ఈ స్థితికి తెచ్చిన సాంస్కృతిక వ్యవస్థపై అంతకంటె పెద్ద అభియోగమూ ఉన్నది.

పాతదే మేలన్న మాట మనకు కొత్తది కాదు. నన్నయ భారతంలో వ్యాసుడు తల్లి సత్యవతితో రాబోయే రోజులకన్నా గడచిన రోజులే మంచివన్న భావం పలుకుతాడు. అయితే అది పాండురాజు మరణానంతరం, కురువంశానికి రానున్న ఘోరాన్ని ముందే చూసిన ఋషి చెప్పిన మాట. దానిని సందర్భం నుండి వేరుచేసి నాటకానికీ కవిత్వానికీ పాటకూ సూత్రంగా మార్చుకున్నది మనమే. కళావిషయంలో మన సంప్రదాయం చెప్పిన మాట వేరుగా ఉన్నది. మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో, భాసుడు మొదలైన ప్రసిద్ధ కవులను వదలి వర్తమాన కవి కాళిదాసు నాటకం ఎందుకు ప్రదర్శించాలని పారిపార్శ్వికుడు సందేహిస్తాడు. పాతదైనంత మాత్రాన అంతా మంచిది కాదనీ, కొత్తదైనంత మాత్రాన తక్కువది కాదనీ, పరీక్షించి గ్రహించేవాడు వివేకి, పరుల నమ్మకంతో నడిచేవాడు మూఢుడనీ సూత్రధారుడు బదులు చెబుతాడు. తిరిగి వచ్చిన రాక్ బృందం సంపుటికి కూడా ఈ న్యాయమే వర్తించాలి. అందులో 'పరీక్షించి' అన్న మాటనే మనం వదిలివేశాము.

మాటను నిలబెట్టుకోవడానికి ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. 1970 దశకం మధ్యలో అప్పటి కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ్, ఆయన మిత్రులు కలిసి 'మొహీనేర్ ఘోడాగులి' అన్న బృందాన్ని ఏర్పాటు చేశారు. మహీనుని గుర్రాలు అని ఆ పేరుకు అర్థం. జీవనానంద దాస్ 1948లో వెలువరించిన 'సాత్‌టి తారార్ తిమిర్' సంపుటిలోని ఒక కవిత నుండి ఆ పేరు తీసుకున్నారు. బౌల్ గాయకుల బాణీ, పాశ్చాత్య రాక్, జాజ్ రీతులు, నగర జీవితంలోని అలసట, అన్నీ కలిసిన పాట వారిది. 1977లో 'సంబిగ్న పాఖీకుల్ ఓ కొల్‌కాతా బిషయక్' అన్న రికార్డు, 1978లో, 1979లో మరి రెండు రికార్డులు వెలువడ్డాయి. వంగదేశపు పాట అంటే రవీంద్ర సంగీతం, నజ్రుల్ గీతి, సినిమా పాట, ఆధునిక గీతం అన్న విభజనకు అలవాటుపడిన శ్రోతలకు ఆ రికార్డులు వింతగా తోచాయి. విస్తృతమైన ఆదరణ లభించలేదు. 1981 నాటికి బృందం విడిపోయింది. సభ్యులు తలా ఒక వృత్తిలో స్థిరపడ్డారు.

పద్నాలుగేళ్ళ తరువాత, 1995లో, కలకత్తా పుస్తక ప్రదర్శన వేళ 'ఆబార్ బొఛొర్ కుడి పొరే' అన్న సంపుటి ఆ పేరుతోనే వెలువడింది. మళ్ళీ ఇరవయ్యేళ్ళ తరువాత అని దాని అర్థం. ఇదీ జీవనానందుని కవిత్వం నుండి తెచ్చుకున్న మాటే. పాటలు అమ్మే దుకాణాలకంటె పుస్తకాల జాతరను తమ పునరాగమనానికి ఎంచుకోవడంలోనే ఆ బృందం తన శ్రోత ఎవరో ముందుగా నిర్ణయించుకున్నదని గ్రహించవచ్చు. ఆ సంపుటిలో పాత సభ్యులందరూ పూర్వపు రీతిలో కూర్చుని వాయించలేదు. గౌతమ్ చట్టోపాధ్యాయ్ యువ గాయకులను, కొత్త బృందాలను చేరదీసి వారి చేత పాడించి, ఆ సంపుటిని మొహీనేర్ ఘోడాగులి 'సంపాదితం' అని ప్రకటించారు. తరువాత వచ్చిన సంపుటులకు కూడా అదే మాట వాడారు.

ఇక్కడే శ్రోతల మొదటి ఆక్షేపణ తలెత్తుతుంది. పాడినది ఆ గొంతు కాదు, వాయించినది ఆ చేయి కాదు. అటువంటప్పుడు ఆ పేరు పెట్టుకునే హక్కు ఎక్కడిది? పైకి ఇది న్యాయమైన ప్రశ్నగానే కనిపిస్తుంది. కాని సాహిత్యపాఠకులకు 'సంపాదకుడు' అన్న మాట కొత్తది కాదు. ఒక పత్రిక సంపాదకుడు ప్రతి వ్యాసమూ తానే వ్రాయడు. అయినా ఆ పత్రికకు ఒక గొంతు ఉంటుంది. సంపాదకుడు మారితే పాఠకుడు ఆ మార్పును రెండు సంచికలలో గుర్తుపడతాడు. పాటకు ఆ ధర్మం ఎందుకు వర్తించకూడదు? బృందం అంటే ఐదారుగురు వ్యక్తుల హాజరుపట్టీ కాదు. ఏ మాట పాడదగినది, ఏ ధ్వని దాని పక్కన నిలవదగినది అన్న విచక్షణకు అది పేరు. ఆ విచక్షణ 1995 నాటి సంపుటిలో ఉన్నదా లేదా అని అడగవలసింది పోయి, ఆ మనుషులు ఉన్నారా లేదా అని అడగడం విమర్శకుడి పని కాదు, హాజరు వేసే గుమాస్తా పని.

రెండవ విషయం మరింత ఆలోచింపదగినది. 1995లో పద్దెనిమిదేళ్ళ వయసున్న శ్రోత మొదటి రికార్డు వెలువడిన 1977లో పుట్టినవాడు. ఆనాటి చిన్న రికార్డులు ఎక్కువమంది ఇళ్ళకు చేరనే లేదు. కనుక ఆ పేరును మళ్ళీ విని పులకించిన యువతరంలో చాలామందికి పాత పాట వినికిడిలో లేదు, వదంతిలో ఉన్నది. అన్నయ్యలు చెప్పగా విన్నారు, కళాశాల వసారాలలో ఎవరో గిటారు మీద పాడగా విన్నారు. తాము వినని పాటతో పోల్చి, విన్న పాట పాత స్థాయిలో లేదని చెప్పే అభిప్రాయానికి విలువ ఎంత? ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పాతది గొప్పదని ఎవరో అంటే కొత్తది తక్కువదని మనం తేల్చివేస్తున్నాము.

అయితే వదంతి చేసిన మేలును కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. సంస్థలు దాచిపెట్టని ఆ పాటలను పద్నాలుగేళ్ళపాటు దాచిపెట్టినది ఈ శ్రోతలే. ఏ గ్రంథాలయమూ, ఏ ఆర్కైవూ పట్టించుకోని కాలంలో గొంతు నుండి గొంతుకు ఆ పాటలు ప్రయాణించాయి. ఆ ప్రయాణమే లేకపోతే 1995 నాటి సంపుటిని అడిగి కొనేవారు ఉండేవారు కారు. అదే సంపుటిలోని 'పృథిబీటా నాకి' అన్న పాట తరువాత వంగదేశంలో ఇంటింటి పాట అయింది. 2006లో హిందీ చిత్రం 'గ్యాంగ్‌స్టర్'లో బంగ్లాదేశ్ గాయకుడు జేమ్స్ పాడిన 'భీగీ భీగీ' పాటకు ఆ బాణీయే ఆధారం. ఆ సంవత్సరం హైదరాబాదులోనూ విశాఖలోనూ ఆ హిందీ పాటను ఇష్టంగా పాడుకున్న తెలుగు యువకులు తమకు తెలియకుండానే కలకత్తా పుస్తక ప్రదర్శనలో మొదలైన ఒక పాటకు శ్రోతలయ్యారు. పాత కళ పోయిందని తీర్పు పొందిన పునరాగమనం రెండు దేశాల గొంతుల మీదుగా మూడవ ప్రాంతానికి చేరింది. తీర్పు చెప్పినవారు ఆ పాటకంటె ముందే మౌనం వహించారు.

మరొక ఉదాహరణ బొంబాయిది. 1984లో 'రాక్ మెషిన్' అన్న పేరుతో మొదలైన బృందం 1988లో 'రాక్ ఎన్ రోల్ రెనిగేడ్', 1990లో 'ద సెకండ్ కమింగ్' అన్న సంపుటులు వెలువరించింది. 1993లో సింధు నదిని గుర్తుచేసే 'ఇండస్ క్రీడ్' అన్న పేరు స్వీకరించి, 1995లో ఆ పేరుతో ఒక సంపుటి తెచ్చి, 1997లో విడిపోయింది. 2010లో మళ్ళీ కూడింది. ఉదయ్ బెనెగల్, మహేశ్ టినాయ్‌కర్, జుబిన్ బలపోరియా పాతవారు. వారికి మరొక తరం వాద్యకారులు తోడయ్యారు. 2012లో 'ఇవాల్వ్' అన్న సంపుటి వెలువడింది. పరిణామం చెందడం అన్న అర్థాన్నిచ్చే ఆ పేరే శ్రోతకు ముందస్తు విన్నపం. ఒకప్పుడు మైదానాలలో విద్యార్థులు గొంతు కలిపి పాడిన సూటి పాటల స్థానంలో మలుపులు తిరిగే పొడవైన నిర్మాణాలు అందులో వచ్చాయి. ఆ బృందం చెప్పదలచినది స్పష్టం: మేము ఇరవయ్యేళ్ళ పిల్లలం కాము, మీరూ కారు. ఆ మాటను వినడానికి సిద్ధంగా లేని శ్రోత చేయగల పని ఒకటే, పాత పాట పాడమని అరవడం. ఆ అరుపు అభిమానంగానే వినిపించవచ్చు. కాని కళాకారుడి చెవికి అది కొత్త పాటను ఆపమన్న ఆజ్ఞ.

సరిహద్దుకు ఆవల కరాచీలో కూడా ఇదే కథ మరొక రూపంలో జరిగింది. 1988లో నలుగురు విద్యార్థులు 'స్ట్రింగ్స్' అన్న బృందం ఏర్పరచుకున్నారు. 1992లో వెలువడిన రెండవ సంపుటి ప్రజాదరణ పొందిన సమయంలోనే వారు విడిపోయారు. 2000లో 'దూర్' అన్న సంపుటితో తిరిగి వచ్చినప్పుడు మిగిలినది ఇద్దరే, బిలాల్ మక్సూద్, ఫైసల్ కపాడియా. సగం బృందం సగం పాటే ఇస్తుందని హాజరుపట్టీ తర్కం చెబుతుంది. జరిగినది వేరు. ఆ సంపుటితో మొదలైన వారి రెండవ జీవితం 2021లో వారే స్వయంగా ముగింపు ప్రకటించేదాకా రెండు దశాబ్దాలు సాగింది. మొదటి జీవితం నాలుగేళ్ళు, రెండవది ఇరవై ఒక్కటి. ఏది అసలు, ఏది పునరాగమనం అన్న ప్రశ్నకు ఇక అర్థమేమిటి?

ఇంతవరకు చెప్పినది విని, శ్రోతల అభిప్రాయాలన్నీ నిరర్థకాలే, సంగీతాన్ని సంగీతజ్ఞులకు వదిలివేయాలి అని ఎవరైనా అనుకుంటే ఆ నిర్ణయాన్ని కూడా ఈ వ్యాసం అంగీకరించదు. ఈ దేశంలో ఆ ప్రయోగం ఒకసారి జరిగింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని పెంపొందించాలన్న సదుద్దేశంతో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా చేశారు. శ్రోతలు ఉత్తరాలు వ్రాసి వాదించడంతో ఆగలేదు. రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. 1957లో వివిధ భారతి ప్రారంభం కావలసి వచ్చింది. శాస్త్రీయ సంగీతానికి ఆకాశవాణి చేసిన సేవ ఎనలేనిది, అందులో సందేహం లేదు. కాని శ్రోత చెవిని ఉత్తర్వుతో మార్చవచ్చునన్న నమ్మకం మాత్రం ఐదేళ్ళలో కూలిపోయింది.

శ్రోత అభిప్రాయం కాదు, అధికారం గల సంస్థే 'పాతదే సరైనది' అన్న అభిప్రాయాన్ని స్వీకరించినప్పుడు ఏమి జరుగుతుందో కూడా కలకత్తాయే చూపింది. రవీంద్ర సంగీతంలో మహాగాయకుడైన దేవవ్రత విశ్వాస్ వాద్యాల వినియోగంలోనూ గానరీతిలోనూ తనదైన స్వేచ్ఛ తీసుకున్నారు. విశ్వభారతి సంగీత మండలి అభ్యంతరాలు తెలిపింది. 1970 దశకం తొలి సంవత్సరాలలో ఆయన రవీంద్ర గీతాల రికార్డులు ఇవ్వడం మానుకున్నారు. 1980లో మరణించారు. 2001తో రవీంద్రుని రచనలపై గ్రంథస్వామ్యం ముగిసింది. మండలి అనుమతి అవసరం లేకుండా పోయింది. దేవవ్రతుని పాత రికార్డులను శ్రోతలు నేటికీ ఆదరిస్తున్నారు. కాని ఆ సంవత్సరాలలో ఆయన పాడి ఉండగల పాటలు పాడనివిగానే మిగిలిపోయాయి. ఆ నష్టాన్ని ఏ తీర్మానంతోనూ పూడ్చలేము. పాతదాని రూపాన్ని కాపాడే పేరుతో కొత్తగా పాడే గొంతును ఆపినప్పుడు మనం పోగొట్టుకునేది ఇటువంటిదే. శ్రోత 'ఇది ఆ పాట కాదు' అని తిరస్కరించినప్పుడు జరిగే నష్టం చిన్నది, దిద్దుకోదగినది. కార్యాలయం ఆ మాట అన్నప్పుడు జరిగే నష్టం శాశ్వతం.

కాబట్టి శ్రోత అభిప్రాయానికి విలువ ఉన్నది. దానిని విలువైనదిగా చేసే గుణం ఏమిటన్నదే ప్రశ్న. నా సమాధానం సరళం. అభిప్రాయం పాటలోని ఒక చోటును వేలుపెట్టి చూపగలగాలి. ఈ చరణంలో మాటలు బాణీకి లొంగలేదు, ఇక్కడ ఢోలు గిటారును కప్పివేసింది, ఇక్కడ గాయకుడు పూర్వం ఊపిరి బిగబట్టి పలికిన స్వరాన్ని ఇప్పుడు వదులుగా పలికి కొత్త అర్థం సాధించాడు, అని చెప్పే శ్రోత ఏ సంగీత కళాశాలలో చదవకపోయినా విమర్శకుడే. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చే శ్రోత ఎన్ని రికార్డులు కూడబెట్టినా విమర్శకుడు కాడు. పోలిక తప్పు అని నేననడం లేదు. పోలిక లేనిదే విమర్శ లేదు. అయితే పోల్చదలచినవాడు రెంటినీ వినాలి. పాతదానిని ఈ వారం మళ్ళీ విని, కొత్తదానిని అదే శ్రద్ధతో విని, ఆ తరువాత నోరు విప్పాలి. పాతదానిని హృదయంతోనూ కొత్తదానిని గడియారంతోనూ వింటే ఆ త్రాసు ఎప్పటికీ ఒకే వైపు వాలుతుంది.

ఇక్కడ ప్రతిపక్షం వారికి ఒక బలమైన వాదం ఉన్నది. దానిని దాటవేయడం ధర్మం కాదు. తిరిగి వచ్చే ప్రతి బృందమూ పాట కోసమే రాదు. పేరు అమ్ముడుపోతుందని తెలిసి, పాత అభిమానుల ఆర్ద్రతను పెట్టుబడిగా పెట్టి, రెండు పాత పాటలకు మెరుగులు దిద్ది, నాలుగు కొత్త పాటలను నింపుడు సరుకుగా చేర్చి వెలువరించే సంపుటులూ ఉన్నాయి. అటువంటిదానిని అనుమానించే శ్రోత మోసపోవడానికి నిరాకరిస్తున్నాడే గాని కళకు ద్రోహం చేయడం లేదు. ఈ అనుమానాన్ని నేను గౌరవిస్తాను. అయితే అనుమానం విచారణకు ఆరంభం కావాలి, తీర్పు కాకూడదు. పైన చెప్పిన మూడు సంపుటులనూ అనుమానంతోనే వినండి. కలకత్తా సంపుటిలో సంపాదకుడు తన పేరును వెనుకకు నెట్టి తెలియని గొంతులను ముందుకు తెచ్చారు. బొంబాయి బృందం తమకు చప్పట్లు తెచ్చిపెట్టిన పాత రీతినే వదులుకున్నది. కరాచీ మిత్రులు పోయిన ఇద్దరి స్థానంలో నకళ్ళను నిలబెట్టక ఇద్దరు పాడదగిన పాటనే పాడారు. కేవలం వ్యాపారమే ధ్యేయమైతే ఈ మూడూ నష్టదాయకమైన నిర్ణయాలు. ఈ వివరాలను చూసిన తరువాత కూడా పాట నచ్చలేదనే హక్కు శ్రోతకు సంపూర్ణంగా ఉన్నది. చూడకముందే మోసమనే హక్కు మాత్రం లేదు.

ఇక పెద్ద అభియోగానికి వద్దాం. రెంటినీ వినాలని శ్రోతకు చెప్పడం తేలిక. పాతదానిని అతడు ఎక్కడ వినాలి? 1977 నాటి ఒక చిన్న రికార్డును 1995లో వినదలచిన విద్యార్థి ఏ ప్రజా గ్రంథాలయానికి వెళ్ళాలి? మన దేశంలో 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకపు ప్రతినీ ప్రకాశకుడు కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు ప్రజా గ్రంథాలయాలకు పంపాలి. 1956లో ఆ నియమాన్ని వార్తాపత్రికలకు విస్తరించారు. ఆ చట్టంలో పుస్తకం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ఉదారమైనది: విడిగా అచ్చువేసిన పటం పుస్తకమే, సంగీత స్వరలిపి ముద్రించిన కాగితం కూడా పుస్తకమే. కాని ఆ స్వరలిపి చూసి పాడిన పాట రికార్డుకు అందులో చోటు లేదు. కాగితం మీద వ్రాసిన పాటకు జాతీయ గ్రంథాలయంలో హక్కుగా బీరువా లభిస్తుంది; పాడిన పాటకు లభించదు.

ఈ నియమం ఎంత విచిత్రమైనదో మన కలకత్తా బృందమే చూపుతుంది. 1954 తరువాత జీవనానందుని కవితలకు వచ్చిన ప్రతి ముద్రణా చట్టబద్ధంగా జాతీయ గ్రంథాలయానికి చేరవలసినది. ఆ కవిత నుండి పేరు తీసుకుని, అదే నగరంలో వెలువడిన రికార్డును మాత్రం ఎవరూ ఎక్కడికీ పంపనవసరం లేదు. చలనచిత్రాలకు 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవు ఏర్పడింది. సంగీత నాటక అకాడమీ సంప్రదాయ కళల ధ్వనిముద్రణలను సేకరించింది. ఈ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని నగర యువకులు గిటారు పట్టుకుని తమ కాలాన్ని గురించి పాడిన పాట శాస్త్రీయమూ కాదు, జానపదమూ కాదు, సినిమాదీ కాదు. ఏ శాఖకూ చెందని పాట ఏ బీరువాకూ చెందదు. అది వదంతిగా బ్రతకవలసిందే. అటువంటి పాటను పాడినవారు మళ్ళీ వచ్చినప్పుడు శ్రోత జ్ఞాపకంతో తీర్పు చెప్పాడంటే ఆ తప్పు సగం అతనిది. సాక్ష్యాన్ని అతని ముందుంచని వ్యవస్థది మిగిలిన సగం.

నేడు పాతపాటలన్నీ మీట నొక్కితే వినిపిస్తున్నాయి గదా, ఆర్కైవుల అవసరమేమిటని అడిగేవారుంటారు. వ్యాపార సంస్థ వినిపించే పాట ఆ సంస్థకు లాభం ఉన్నంతకాలమే వినిపిస్తుంది. హక్కులు చేతులు మారితే మాయమవుతుంది. పైగా ఏ సంవత్సరపు ముద్రణ, ఎవరు వాయించారు, వ్రాసినదెవరు అన్న వివరాలు పాటతో పాటు రావడం అరుదు. పేరు తెలియని చోట పోలిక సాధ్యం కాదు. అట్టలేని పుస్తకాన్ని గ్రంథాలయం స్వీకరించదు; అట్టలేని పాటను మనం రోజూ స్వీకరిస్తున్నాము.

కాబట్టి ఈ పత్రికను చదివే అధికారుల ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. 1954 నాటి చట్టాన్ని ధ్వనిముద్రణలకు విస్తరించాలి. భాష ఏదైనా, రీతి ఏదైనా, వెలువడిన ప్రతి సంపుటి ప్రతి ఒకటి, దాని అట్టమీది వివరాలతో సహా, ఒక జాతీయ సంస్థకు చేరాలి. ప్రతి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ పాఠకుడు పుస్తకం అడిగినట్టే శ్రోత ఒక రికార్డు అడిగి కూర్చుని వినగల ఏర్పాటు ఉండాలి. సంగీత కార్యక్రమాలకు శ్రోతలు వ్రాసిన ఉత్తరాలను కూడా చిత్తుకాగితాలుగా భావించక భద్రపరచాలి. ఒక తరం ఏమి విన్నది, ఏమి వినడానికి నిరాకరించింది అన్నది రేపటి చరిత్రకారునికి రికార్డుతో సమానమైన ఆధారం. ఇందుకు కొత్త మహాసంస్థలు అవసరం లేదు. ఉన్న చట్టంలో ఒక నిర్వచనం, ఉన్న గ్రంథాలయాలలో ఒక గది చాలు.

శ్రోతకు చేసే విన్నపం ఇంకా చిన్నది. గౌతమ్ చట్టోపాధ్యాయ్ 1999లో మరణించారు. 1995లో ఆయన సంపాదించిన సంపుటిని ఆనాడు 'ఇది పాతది కాదు' అని పక్కన పెట్టినవారికి, ఆయన చేత మరొకటి చేయించుకోవడానికి మిగిలినది నాలుగేళ్ళే. ఆ సంగతి అప్పుడు వారికి తెలియదు. తిరిగి వచ్చిన ఏ బృందం విషయంలోనైనా మనకూ తెలియదు. అందుచేత రేపు మీ యౌవనకాలపు బృందం ఏదైనా కొత్త సంపుటితో మీ ఎదుటకు వస్తే, పాత పేరును కాసేపు మరచి, ఎవరో కొత్తవారు పాడినట్టుగా దానిని ఒకసారి మొదటి నుండి చివరిదాకా వినండి. రెండవసారి పాతదాని పక్కన పెట్టి వినండి. ఆ తరువాత నచ్చలేదని చెప్పదలిస్తే, ఏ పాటలో, ఏ చరణంలో, ఎందుకో చెప్పండి. ఆ అభిప్రాయాన్ని కళాకారుడు వినక తప్పదు.